చిన్న స్టీల్ పినియన్లు: పళ్ళ సంగతి సరే, బోరు చూసి కొనండి

నేమా 17 సైజు స్టెప్పరు (అడుగడుగుగా తిరిగే) మోటారుకో, జాన్సన్ గేర్ మోటారుకో బిగించుకోవడానికి ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరికే స్టీల్ పినియన్, అంటే చిన్న పళ్ళ చక్రం, ఒకటుంది. మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) 1, పళ్ళు 15 లేదా 20, పంటి వెడల్పు 10 మి.మీ., వెనక స్టెప్పు (పళ్ళు లేని మెడ), ఆ స్టెప్పులో ఎం4 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ). బోరు, అంటే షాఫ్టు దూరే మధ్య రంధ్రం, 5, 6, 6.35, 8 మి.మీ.లలో వస్తుంది. సీ45 ఉక్కు అని రాసి అమ్ముతారు. మన లేతు షాపుల భాషలో దాదాపు ఈఎన్8. ఇంక్యుబేటర్‌లో గుడ్ల ట్రే వంచడానికి, చిన్న సీఎన్‌సీ రౌటర్‌కు రాక్ (తిన్నటి పళ్ళ పట్టీ) నడపడానికి, కండెలు చుట్టే మిషన్‌కు మోటారు పెట్టడానికి చాలామంది కొనేది ఇదే. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే, పళ్ళకు వంక పెట్టడానికి లేదు. డబ్బులు వృథా అయ్యేది బోరు దగ్గర, గ్రబ్ స్క్రూ దగ్గర.

ఎందుకో లెక్క చూడండి. మామూలు నేమా 17 మోటారు టార్క్ 4 కేజీ-సెం.మీ. అనుకుందాం. 15 పళ్ళ పినియన్ పిచ్ వ్యాసం (పళ్ళు ఒకదాన్నొకటి తోసుకునే చోటి వ్యాసం) 15 మి.మీ., అంటే వ్యాసార్ధం 0.75 సెం.మీ. పంటి మీద పడే తోపు 5.3 కేజీలు. 10 మి.మీ. వెడల్పున్న పంటికి అది లెక్కే కాదు. పంటి మొదట్లో ఒత్తిడి 20 మెగాపాస్కల్ కూడా దాటదు, సీ45 లొంగడం మొదలుపెట్టేది 300 పైన. అదే టార్క్‌ను షాఫ్టు దగ్గర చూస్తే వ్యాసార్ధం 0.25 సెం.మీ. మాత్రమే, కాబట్టి అక్కడ 16 కేజీలు. ఆ 16 కేజీలనూ పట్టుకోవాల్సింది ఒక చిన్న స్క్రూ మొన. పళ్ళు అరిగేలోపు పది సార్లు స్క్రూ లూజవడంలో వింతేమీ లేదు.

కండెలు చుట్టడంలాగా ఒకే వైపు తిరిగే పనికి ఈ బలహీనత అంతగా బయటపడదు. ఆసు పోసే (చీర నేతకు నూలును మేకుల మీద అటూ ఇటూ చుట్టే) చెయ్యిలాగా క్షణక్షణం అటూ ఇటూ తిరిగే పని పెట్టారా, దిశ మారిన ప్రతిసారీ స్క్రూ మీద చిన్న దెబ్బ పడుతుంది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసినప్పటి నుంచి మన ప్రాంతంలో ఇలాంటి మోటారు ప్రయోగాలకు కొదవ లేదు గనక, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయమే.

ఇప్పుడు బోరు. 5 మి.మీ. అని రాసి పంపే వాటిలో కొన్ని సరిగ్గా 5.02 ఉంటాయి, షాఫ్టు మీద మెత్తగా జారి కూర్చుంటాయి. కొన్ని 5.1 దాకా వస్తాయి, అదే కంపెనీ ప్యాకెట్లో. చేత్తో తొడిగితే రెండూ ఎక్కుతాయి కాబట్టి తేడా తెలియదు. కానీ గ్రబ్ స్క్రూ బిగించగానే పినియన్ మొత్తం ఒక పక్కకు 0.05 మి.మీ. జరుగుతుంది. తిరుగుతున్నప్పుడు ఒక వైపు పళ్ళు ఎత్తుగా, ఎదుటి వైపు పల్లంగా, మొత్తం 0.1 తేడా. రాక్ మీద నడిపిస్తే ఒక్కో చుట్టుకు ఒకసారి బిగుసుకుని, ఒకసారి వదులై, "గర్... గర్..." అని లయగా వినబడుతుంది. చాలామంది దీన్ని పళ్ళ నాణ్యతకు అంటగట్టి తక్కువ స్టార్లు ఇచ్చేస్తారు. ఒక పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టి చేత్తో తిప్పండి. ప్రతి చుట్టులో ఆ గుర్తు దగ్గరే బిగుసుకుంటే తప్పు పినియన్ బోరుది. బిగుసుకునే చోట పినియన్ గుర్తు మారుతూ, పెద్ద గేరు మాత్రం ఒకే చోట ఉంటే తప్పు పెద్ద గేరుది.

వచ్చిన ముక్కను పరీక్షించడానికి మైక్రోమీటర్లు అక్కర్లేదు. 5.1 మి.మీ. డ్రిల్ బిట్ కొత్తది ఒకటి తీసుకుని దాని నున్నటి వెనక కొన బోరులో పెట్టండి. దూరిందంటే వాపస్ పంపేయండి. వాపస్ గడువు ముగిసేలోపే ఈ పని చేయాలి, బిగించి గీతలు పడ్డాక ఎవరూ తీసుకోరు.

ఆర్డరు పెట్టే ముందు మీ మోటారు షాఫ్టును వెర్నియర్‌తో కొలవడం తప్పనిసరి. 130 మోటారుకు 2 మి.మీ., 540, 550లకు 3.17, నేమా 17కు, 775లో ఎక్కువ రకాలకు 5, జాన్సన్ గేర్ మోటారుకు 6, నేమా 23లో చాలావాటికి 6.35. ఈ 6.35 అంటే పావు అంగుళం. 6 బోరు ఆ షాఫ్టు మీదికి ఎక్కదు, 8 బోరు కొని మధ్యలో బుష్ పెడదామనుకుంటే పైన చెప్పిన ఊగుడే.

కావలసిన బోరు దొరక్కపోతే చిన్న బోరుది కొని పెంచుకోవచ్చు, సీ45లో ఉన్న సుఖం అదే. 15 పళ్ళ మాడ్యూల్ 1 పినియన్‌లో పంటి మొదలు వ్యాసం 12.5 మి.మీ., కాబట్టి 8 బోరు చేసినా గోడ 2.25 మి.మీ. మిగులుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్లలో ఏ లేతు షాపుకైనా పట్టుకెళ్ళండి. "అన్నా, పళ్ళు పట్టుకోకు, స్టెప్పు పట్టు, ఫోర్ జా చక్‌లో డయల్ పెట్టి సెంటర్ చూసుకో, చివర్లో రీమర్ కొట్టు" అని ముందే చెప్పాలి. ఫోర్ జా చక్ అంటే నాలుగు దవడలూ విడివిడిగా సర్దుకునే పట్టు, డయల్ అంటే ఊగుడు కొలిచే ముల్లు, రీమర్ అంటే రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నున్నగా చేసే పనిముట్టు. చెప్పకపోతే త్రీ జా చక్‌లో పెట్టి డ్రిల్ తోసేస్తారు. అది పెట్టుబడి పెట్టి తెచ్చుకున్న ఊగుడు అవుతుంది. చేతి డ్రిల్లింగ్ మిషన్‌తో అసలే వద్దు.

గ్రబ్ స్క్రూ బిగింపు. షాఫ్టుకు చదును చెక్కుడు ఉంటే స్క్రూ మొన సరిగ్గా దాని మీదే పడాలి, అంచు మీద పడితే గంటలో వదులవుతుంది. చదును లేని గుండ్రటి షాఫ్టయితే ఆకురాయితో అర మిల్లీమీటరు చదును చేసుకోండి. ఆకురాయి వేసేటప్పుడు షాఫ్టు కిందికి వేలాడేలా మోటారును పట్టుకుని, మోటారు మూతికి టేపు చుట్టాలి, ఎందుకంటే లోపల అయస్కాంతం ఉంది. ఇనుప రజను లోపలికి పోతే మళ్ళీ రాదు. తర్వాత షాఫ్టునూ స్క్రూ మరలనూ థిన్నర్‌తో తుడిచి, మరల మీద నీలం లాక్‌టైట్ 243 (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. 24 గంటలు ఆగి నడపాలి. సూపర్ గ్లూ పెళుసు, అటూ ఇటూ దెబ్బలకు నిలవదు. ఎం4 గ్రబ్ స్క్రూకు అలెన్ కీ 2 మి.మీ. ప్యాకెట్లో వచ్చే స్క్రూలు మెత్తవి, కీ మూలలు గుండ్రమైపోతాయి. నల్ల అలాయ్ స్టీల్ గ్రబ్ స్క్రూలు విడిగా తెచ్చుకుని మార్చేయడం మంచిది. రెండు స్క్రూలు 90 డిగ్రీల్లో ఉన్న మోడల్ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. ఎదురెదురుగా 180లో ఉన్నది వద్దు, ఒకటి బిగిస్తే రెండోది దాన్నే నెడుతుంది.

పళ్ళు కలిపేటప్పుడు మధ్యలో ఒక పొర మామూలు జిరాక్స్ కాగితం పెట్టి, మోటారును తోసి, బోల్టులు బిగించి, కాగితం తిప్పి బయటకు తీయండి. మడతలు పడి చిరగకుండా వస్తే మాడ్యూల్ 1కు ఖాళీ సరిపోయినట్టు.

సైజు కలవకపోవడం ఇంకో తలనొప్పి. బయటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకు 2 కలిపి భాగిస్తే మాడ్యూల్ వస్తుంది: 20 పళ్ళు, 22 మి.మీ. అంటే మాడ్యూల్ 1. ఎనిమిది, పది పళ్ళ వాటికి ఈ సూత్రాన్ని పూర్తిగా నమ్మొద్దు, పంటి మొదలు సన్నబడకుండా వాటిని కొంచెం పెద్దగా కోస్తారు. ఆర్‌సీ కార్ల (రిమోట్ బొమ్మ కార్ల) 48 డీపీ పినియన్ అంటే మాడ్యూల్ 0.529; డీపీ అంటే అంగుళాల లెక్కలో పంటి సైజు, 25.4ను దానితో భాగిస్తే మాడ్యూల్. దాన్ని మాడ్యూల్ 0.5 గేరుతో కలిపితే 6 శాతం తేడాకు పళ్ళు పీక్కుంటాయి. 32 డీపీ మాత్రం 0.794, మాడ్యూల్ 0.8తో తేలికపాటి పనికి నడిచిపోతుంది. ఈ ఆర్‌సీ పినియన్లలో హార్డెనింగ్ చేసినవి పనితనంలో వీటన్నిటికంటే మేలు, బోరు కూడా కచ్చితం. కానీ ఆకురాయి వాటి మీద జారిపోతుంది తప్ప కొరకదు, కాబట్టి బోరు పెంచే ఆశ పెట్టుకోకండి. పైగా 12 పళ్ళ మాడ్యూల్ 0.5లో పంటి మొదలు వ్యాసం 4.75 మాత్రమే, 3.17 బోరు పోగా గోడ 0.8 మి.మీ. కూడా ఉండదు. దానికి 5 బోరు అడగడం అనవసరం.

ప్రెస్ ఫిట్ పినియన్లు 130 మోటారు బొమ్మలకు తప్ప ఇంకెందుకూ సిఫారసు చేయలేం. వేడిచేసి ఎక్కించమని సలహా ఇస్తుంటారు, 2 మి.మీ. బోరును 150 డిగ్రీలు వేడెక్కిస్తే పెరిగేది 0.0035 మి.మీ. ఆ మాత్రానికి పొయ్యి దండగ. వైస్‌లో నెమ్మదిగా నొక్కండి, షాఫ్టు వెనక కొన గట్టి ఇనుప ముక్కకు ఆని ఉండాలి. సుత్తితో కొడితే మోటారు బుష్ పోతుంది. ఇనుప పొడిని అచ్చులో నొక్కి కాల్చిన రకమైతే బిగువుగా నొక్కేటప్పుడు చీలుతుంది కూడా.

గ్రీజు విషయంలో చోటును బట్టి నడుచుకోవాలి. మూత ఉన్న పెట్టెలో లిథియం గ్రీజు సన్నగా పూస్తే చాలు. మిర్యాలగూడ రైసు మిల్లుల తవుడు దుమ్ములోనో, గ్రానైటు కోసే షెడ్డులోనో తెరిచి ఉంచి గ్రీజు పూశారంటే అది రుద్దుడు పేస్టుగా మారుతుంది. అక్కడ గ్రాఫైట్ పొడి వాడండి, లేదా పొడిగానే వదిలి వారానికోసారి బ్రష్‌తో దులపండి. ఎదుటి గేరు నైలాన్‌దైతే సిలికాన్ గ్రీజు.