ఓడలో పెళ్లిరోజు విందు: ప్రధాన భోజనశాలా, స్పెషాలిటీ రెస్టారెంటా?

బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి క్రూయిజ్ ఎక్కే మన జంటలు ‘భోజనం టికెట్టులోనే ఉందిగా’ అనుకుంటారు. ఉంది, కానీ ప్రధాన భోజనశాల, బఫే వరకే. స్పెషాలిటీ రెస్టారెంటుకు, అంటే ఇటాలియన్ లాంటి ఏదో ఒక రకం వంటకే పెట్టినదానికి, మనిషికింత అని విడిగా కట్టాలి. చాలా ఓడల్లో దానిమీద 18 నుంచి 20 శాతం సేవా రుసుము కూడా వేస్తారు.

ప్రధాన భోజనశాలలో గంటన్నరలో లేవొచ్చు, ఓడలో రాత్రి వేసే షో కూడా అందుతుంది. ఇబ్బందల్లా సందడి. ఇద్దరికే బల్ల కావాలని ముందే చెప్పకపోతే ఆరుగురి మధ్య కూర్చోబెట్టవచ్చు.

స్పెషాలిటీలో రెండు, రెండున్నర గంటల తీరిక. చిక్కంతా మెనూతోనే. స్టేక్‌హౌస్ అంటే ముఖ్యంగా గొడ్డుమాంసం. తిననివాళ్లు చేప, కోడి వేరే పెనం మీద చేయమని 24 గంటల ముందే చెప్పుకోవాలి. శాకాహారులకు ఇటాలియన్ మేలు. అయితే అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి వేసే, దూడ పొట్టనుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, అది వేయొద్దనండి.

కిటికీ బల్ల కోసం మరీ పట్టుబట్టకండి. విశాఖ నుంచి చెన్నై వెళ్తుంటే పొద్దు కుంగేది ఓడకు కుడిపక్కన. డిసెంబరులో అయిదున్నరకల్లా కుంగిపోతుంది, ఆ తర్వాత అద్దంలో చీకటే. ఓడ వెనక చివరైతే ప్రొపెల్లర్ అదురు తెలుస్తుంది. కడుపులో తిప్పేవాళ్లకు మధ్యభాగం, కింది అంతస్తు నయం.

మూడు రాత్రుల ప్రయాణానికి ప్రధాన భోజనశాలే చాలు. వారమైతే, రేవు తగలని రోజున ఒక రాత్రి స్పెషాలిటీకి ఇవ్వండి. ఓడెక్కిన రోజే బల్ల రాయించుకోండి. బరంపురం పట్టుచీర రెండుచోట్లా దర్జాగా ఉంటుంది. మగవాళ్లు మాత్రం ప్యాంటు, బూట్లు మరవకూడదు.