ఏసీ ఔట్‌డోర్ సజ్జ మీదా, గోడకా, డాబా మీదా? నా లెక్క ఇది

మొన్న మార్చిలో మా ఇంటికి ఏసీ సర్వీసుకు వచ్చిన పిల్లగాడు డాబా పిట్టగోడ దాటి సజ్జ మీదికి దిగేముందు "అన్నా, తాడేమన్నా ఉందా" అని అడిగాడు. ఇంట్లో ఉన్నది బట్టలారేసే నైలాన్ తాడు ఒక్కటే. దాన్నే నడుముకు చుట్టుకుని రెండో కొస నాకిచ్చాడు, నేను ట్యాంకు దిమ్మెకు ఒక చుట్టు తిప్పి పట్టుకుని నిలబడ్డా. ఆ అరగంటలో ఏసీ ఎంత బాగా కడిగాడో నాకు తెలియదు, నా చూపంతా అతని మడమల మీదే ఉంది. సజ్జ వెడల్పు రెండడుగులు. ఔట్‌డోర్ మందం ఒక అడుగు, దాని వెనక గోడకు వదిలిన సందు అర్ధ అడుగు. ఇక మనిషి కాలు పెట్టడానికి మిగిలింది అర్ధ అడుగు, కింద పదిహేడు అడుగుల లోతులో సీసీ రోడ్డు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాలమూరు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ఒకటిన్నర టన్నుది కొన్నాడట. "బావా, సజ్జ మీద పెడితే స్టాండు ఖర్చు కూడా ఉండదంటున్నరు షాపోళ్లు, పెట్టేయమంటవా?" అని. వద్దురా అన్నా. ఎందుకు వద్దో ఫోన్‌లో సగమే చెప్పా, మిగతాది ఇక్కడ రాస్తున్నా, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

ముందు అసలు ఆ డబ్బా చేసే పనేంటో తెలిస్తే ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది. గదిలోని వేడిని లాగి, కంప్రెసర్ తాగే కరెంటు వేడిని కూడా కలిపి బయట పారబోయడమే దాని పని. ఒకటిన్నర టన్ను అంటే గదిలోంచి గంటకు 18000 బీటీయూల వేడి లాగడం, బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క. మన నల్గొండలో మే నెలలో బయటి గాలే 44, 45 డిగ్రీలుంటుంది, ఆ గాలిలోకే ఇంకా వేడిని తోయాలి. అది వదిలిన గాలినే మళ్లీ అది పీల్చుకునే చోట పెట్టారనుకోండి, గది చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది, కంప్రెసర్ ఆగి ఆగి తిరుగుతుంది. కాబట్టి వెనక కనీసం అర్ధ అడుగు, ఫ్యాన్ ముందు రెండు మూడడుగులు ఖాళీ కావాలి. కంపెనీ బుక్కులో బొమ్మ వేసి మరీ ఇస్తారు, ఎవరూ తెరవరు అంతే.

సజ్జ సంగతి ముందు తేల్చేద్దాం. సజ్జ వేసేది కిటికీ మీద ఎండ, వాన పడకుండా. ఒక పక్క గోడలో ఉండి ఇంకో పక్క గాల్లో వేలాడే పలక అది. దాని బలమంతా పైభాగంలో ఉండే ఇనుప చువ్వల్లో ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు చువ్వల మీద నడిచి కిందికి తొక్కేశారంటే ఇంక ఆ సజ్జ పేరుకే, అది పైనుంచి చూస్తే తెలియదు కూడా. యూనిట్ ముప్పై ముప్పైఐదు కిలోలు, సర్వీసుకు దిగిన మనిషి ఇంకో అరవై. మా సజ్జ అంచున ప్లాస్టరు పెచ్చు ఒకటి ఆ రోజే ఊడి కింద పడింది, నిజం చెప్తున్నా నా చేతిలో తాడు వణికింది. పెట్టినప్పుడు నాకు మిగిలిన స్టాండు డబ్బులు వెయ్యి కూడా ఉండవు. ఏసీని ఒకసారే బిగిస్తారు కానీ సర్వీసుకు ఏడాదికి రెండుసార్లు మనిషి రావాలి. మన దుమ్ముకు అయితే మూడుసార్లు. అతను రెండు కాళ్ల మీద నిలబడి పని చేసుకునే చోటు ఉందా లేదా అన్నదే నేనిప్పుడు మొదట చూసేది, మిగతావన్నీ తర్వాతే.

ఇక గోడకు బ్రాకెట్. మనూళ్లో ఎక్కువ కనపడేది ఇదే, సరిగ్గా చేస్తే తప్పు కూడా లేదు. రాగి పైపు తక్కువ పడుతుంది, ఏసీతో పాటు వచ్చే మూడు మీటర్లతోనే చాలాసార్లు పని అయిపోతుంది. గొడవంతా గోడతోనే. తొమ్మిదంగుళాల ఇటుక గోడో, కాంక్రీటు బీమో అయితే యాంకర్ బోల్టులు చక్కగా పట్టుకుంటాయి. పైన తర్వాత కట్టిన గదులకు నాలుగున్నర అంగుళాల గోడ లేపుతుంటారు చూడండి, దానికి మామూలు బోల్టు కొడితే కొన్నాళ్లకు కంప్రెసర్ అదురుకు రంధ్రం పెద్దదై బోల్టు వదులవుతుంది. అలాంటి గోడకు పొడుగు బోల్టును గోడ అవతలి దాకా దించి, గది లోపల ఇనుప ప్లేటు వేసి నట్టు బిగించాలి. లోపల గోడ అందం పోతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు ఒకసారి, ప్లేటు మీద క్యాలెండర్ తగిలిస్తా అంటే ఒప్పుకుంది. అచ్చంగా రాతి గోడలైతే ఇంకో తిప్పలు. పాత ఇళ్లలో రాయికి రాయికి మధ్య మట్టే ఉంటుంది. డ్రిల్లు రెండంగుళాలు గట్టిగా పోయి, ఉన్నట్టుండి గబుక్కున లోపలికి దిగిపోయిందంటే అక్కడ బోల్టు వద్దు.

బ్రాకెట్‌కు ఎత్తు కూడా లెక్కే. కింది గదికైతే ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెడితే చిన్న నిచ్చెనతో అందుతుంది, పిల్లల చేతులు ఫ్యాన్‌లోకి పోవు. పై అంతస్తు గదికి మాత్రం రోడ్డు వైపు గోడ మధ్యలో వేలాడదీశారంటే మళ్లీ తాడు కథే. బాల్కనీ గోడకైతే మేలు, మనిషి బాల్కనీలో నిలబడి చేసుకుంటాడు. అయితే బాల్కనీలో కింద నేల మీద, రెయిలింగ్ పక్కన మాత్రం పెట్టకండి. నాలుగేళ్ల పిల్లగాడికి అది మెట్టు. ఎక్కి రెయిలింగ్ మీద నుంచి తొంగిచూస్తాడు.

ఇంకో మాట. మన పాత బస్తీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య సందు మూడడుగులే ఉంటుంది. అటు వాళ్లదీ ఇటు మనదీ ఎదురెదురుగా పెడితే రెండూ ఒకదాని వేడి ఒకటి పీల్చుకుంటూ కూర్చుంటాయి. పైగా వాళ్ల కిటికీలోకి మన వేడి గాలి, మాట మాట పెరిగి పంచాయితీ. సందులో పెట్టక తప్పదంటే ఎదుటివాళ్ల కిటికీ కన్నా పైకి, వాళ్లను ఒక మాట అడిగి పెట్టండి.

డాబా మీద స్టాండు వేయడం నా ఓటు, పై అంతస్తు గదులకు. ఎండలో పెడితే ఎట్ల అని అందరూ అడిగేది ఇదే. నిజమే, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా మన స్లాబు మీద పది అడుగులు వేయలేం. అందుకే మెట్ల గది ఉంటుంది కదా, దాని ఉత్తరం వైపు నీడలో పెట్టించా. అలాంటి నీడ లేకపోతే పైన రెండడుగులు ఖాళీ వదిలి రేకు వేయొచ్చు, పక్కలు మాత్రం మూయొద్దు. ఎండ పడకూడదని నాలుగు వైపులా రేకులు కొట్టి పెట్టెలో పెట్టినట్టు పెట్టినవాళ్లను చూశా, దానికన్నా ఎండే నయం.

డాబాకు ఉన్న కష్టాలు వేరే. ఒకటి పైపు పొడవు. అదనపు రాగి పైపుకు నాకు మీటరుకు ఎనిమిది వందల దాకా అయింది. పొడవు పెరిగితే కంపెనీ చెప్పిన లెక్కన గ్యాస్ కూడా కలపాలి. రెండోది, రాగి పైపు పైకి పోతుంది కానీ నీళ్లు పైకి పోవు కదా, కాబట్టి లోపలి యూనిట్ డ్రెయిన్ పైపుకు కిందికి వేరే దారి చూడాలి. మూడోది గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే ఈదురుగాలికి ఉట్టి స్టాండు మీద నిలబెట్టిన యూనిట్ కదులుతుంది, ఒరుగుతుంది. అలాగని స్లాబుకు రంధ్రాలు కొట్టొద్దు, వానాకాలం గదిలో చుక్కలు చుక్కలుగా కారుతుంది. నేను రెండు కాంక్రీటు దిమ్మెలు పోయించి, ప్రకాశం బజార్‌లో బోల్టులు కొని, తడి కాంక్రీటులోనే నిలబెట్టించి, ఆరాక వాటికి స్టాండు బిగించా. కింద రబ్బరు ముక్కలు, లేకపోతే అదురంతా కింది గదిలోకే. పిట్టగోడకు మూడు నాలుగడుగుల దూరం, ఇదీ పిల్లల కోసమే.

నాలుగోది కోతులు. నవ్వకండి. బిగించిన రెండో వారమే రాగి పైపుల మీది నల్ల స్పాంజి తొడుగంతా పీకి డాబా నిండా చల్లాయి, ఒకటి పైపు పట్టుకుని ఊగుతోంది కూడా. పైపులన్నీ పీవీసీ గొట్టంలో వేయించి గోడకు క్లాంపులు కొట్టించాక వదిలేశాయి. ఎండకు చీలిపోయే టేపు బాధ కూడా దాంతోనే పోయింది. పైపు గోడలోకి పోయే రంధ్రం బయటికి కాస్త వాలుగా ఉండాలి, పైపు రంధ్రం కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి లేచి లోపలికి పోవాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, లేదంటే పైపు వెంబడే గదిలోకి వస్తాయి.

ఎక్కడ పెట్టినా మారనివి కొన్ని ఉన్నాయి. ఏసీకి విడిగా వైరు, విడిగా ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), ఎర్తింగ్. మన రాతి నేల ఎండాకాలం ఎండి బీటలు వారినప్పుడు ఎర్త్ గుంత పేరుకే ఉంటుంది, వారానికొక బకెట్ నీళ్లు పోయండి. ఔట్‌డోర్ ఇనుప డబ్బా, సర్వీసు పిల్లగాడు దాని మీదే నీళ్లు కొడతాడు, ఎమ్‌సీబీ మనమే దింపి అతనికి చూపించాలి. ఇప్పుడొచ్చే చాలా వాటిలో ఆర్32 గ్యాస్, దానికి కొద్దిగా మండే గుణం ఉంది. పైపుల్లో గాలి పోవడానికి కాస్త గ్యాస్ వదిలితే సరిపోతుందని బిగించేవాడు వాల్వు తిప్పబోతే ఆపండి, వాక్యూమ్ పంపు పెట్టి పావుగంట ఇరవై నిమిషాలైనా లాగాలి, తర్వాత నట్ల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు చూడాలి. మీ ముందే రాయమనండి.

కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఇల్లు మారేటప్పుడు గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాగి విప్పుతారు. కంప్రెసర్ ఇంకా తిరుగుతుండగానే పైపు విప్పితే గాలి లోపలికి పోయి, లోపలి నూనెతో కలిసి కంప్రెసర్ పేలే ప్రమాదం ఉంది. గ్యాస్ ప్రెషర్ చూసే మీటరు పెట్టి చేసేవాడినే పిలవండి, రెండు వందలు ఎక్కువైనా సరే.

ఇప్పుడు బామ్మర్ది సంగతి. వాళ్లది ఒకటే అంతస్తు, డాబాకు మెట్లు లేవు, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. కాబట్టి నా ఓటు అక్కడ చెల్లదు. అత్తమ్మ గది వెనక గోడకు ఎనిమిదడుగుల ఎత్తులో బ్రాకెట్ అయితే బాగుంటుంది. కానీ ఆ గోడ సగం పాత రాతిది, సగం తర్వాత ఇటుకతో కట్టింది, పైన ప్లాస్టరు ఉండేసరికి ఏది ఎక్కడిదాకా ఉందో వాళ్లకే గుర్తులేదు. ఆదివారం పోయి డ్రిల్లు పెట్టి చూస్తా. ఎర్ర ఇటుక పొడి వస్తే బ్రాకెట్, మట్టి తగిలితే పెరట్లో అడుగున్నర ఎత్తు దిమ్మె కట్టి చుట్టూ జాలీ పెట్టడమే. అప్పటిదాకా ఏసీ డబ్బా వాళ్ల హాల్లోనే ఉంటుంది, అత్తమ్మ దాని మీద అప్పుడే పూలకుండీ పెట్టేసిందట.