పిల్లల్ని స్కౌట్స్‌లో చేర్చాలనుకునేవాళ్ళకి: మా హనుమకొండ ట్రూప్ మీద నా రివ్యూ

మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఓపెన్ ట్రూప్‌లో (ఏ స్కూలుకీ చెందని స్కౌట్ దళంలో) చేరాడు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, తన పెట్రోల్‌కి, అంటే ట్రూప్‌లోని తన చిన్న జట్టుకి, వాడే లీడర్. నేను ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతాను. హ్యాంగర్‌కి వేలాడే వాడి యూనిఫాం చూసి, బ్లౌజులు ఇవ్వడానికి వచ్చిన తల్లులు "స్కౌట్స్‌లో వేస్తే ఏం లాభం అక్కా? సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడుగుతూనే ఉంటారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

ముందుగా నా మాట: చేర్చండి. కానీ ఏ ట్రూప్ అయినా ఒకటేనని అనుకోకండి. సర్టిఫికెట్ గురించి, యూనిఫాం గురించి అడిగే ముందు, అక్కడ పని పిల్లలు చేస్తున్నారా, పెద్దవాళ్ళు చేసి పెడుతున్నారా అన్నది చూడండి.

మా అక్క కొడుకు చదివిన ప్రైవేటు స్కూల్లో కూడా స్కౌట్స్ ఉండేది. అడ్మిషన్ అప్పుడే యూనిఫాంకి డబ్బులు కట్టించుకున్నారు. ఆగస్టు 15కి, జనవరి 26కి పిల్లల్ని వరసలో నిలబెట్టి కవాతు చేయించడం, ఎవరైనా చీఫ్ గెస్ట్ వస్తే గేటు దగ్గర సెల్యూట్ కొట్టించడం, అంతే. రెండేళ్ళు స్కౌట్‌గా ఉన్నాడు, ఒక్క ముడి వేయడం రాదు, ఒక్క రాత్రి క్యాంపుకి వెళ్ళలేదు. పిల్లాడి తప్పు ఏమీ లేదు, నేర్పినవాళ్ళు లేరు. అందుకే మా వాణ్ణి చేర్చే ముందు నేను ఒక ఆదివారం పొద్దున వెళ్ళి గ్రౌండ్ పక్కన కూర్చుని మీటింగ్ మొత్తం చూశాను. మీరూ అలాగే చూడండి, ఏ మంచి ట్రూప్ కూడా వద్దనదు.

మీటింగ్ గుర్రపు నాడా ఆకారంలో నిలబడటంతో మొదలవుతుంది. ప్రార్థన, జెండా, జెండా పాట, తర్వాత తనిఖీ. గోళ్ళు, బూట్లు, స్కార్ఫ్ చూసేది స్కౌట్ మాస్టర్ సార్ కాదు, పెట్రోల్ లీడర్. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు. అబ్బాయిల పెట్రోల్స్‌కి జంతువులవో పక్షులవో పేర్లు, అమ్మాయిల పెట్రోల్స్‌కి పూల పేర్లు. అందులో ఒకడు లీడర్, ఒకడు సెకండ్, మిగిలినవాళ్ళలో ఒకడు లెక్కలు రాస్తాడు, ఒకడు సామాను చూసుకుంటాడు, ఒకడి దగ్గర ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంటుంది. పదమూడేళ్ళ అబ్బాయి పదేళ్ళవాళ్ళకి క్లోవ్ హిచ్ అనే ముడి నేర్పిస్తుంటే, సార్ పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక చిన్నోడికి మూడు సార్లు జారిపోయింది. సార్ కదల్లేదు. నాలుగోసారి వాడికే వచ్చింది. నేను చేర్చాలని నిర్ణయించుకున్నది అప్పుడే.

లీడర్లందరూ సార్‌తో కూర్చునే సభని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. హైక్ ఎక్కడికి వెళ్ళాలి, ఎవరైనా తప్పు చేస్తే ఏం చేయాలి అన్నవి అక్కడ మాట్లాడుకుంటారు. మీరు చూడబోయే ట్రూప్‌లో "మీ కోర్ట్ ఆఫ్ ఆనర్ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది?" అని ఒక పిల్లాణ్ణి అడగండి. వాడు తెల్లమొహం వేస్తే అది పేరుకే ట్రూప్.

స్కౌట్ మాస్టర్ ట్రైనింగ్ గురించి కూడా అడగండి. బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు ఉంటాయి, ఆ పైన హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్. అది పొందినవాళ్ళ మెడలో తోలు తాడుకి రెండు చిన్న చెక్క పూసలు కనిపిస్తాయి. దేశం మొత్తానికి పెద్ద శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. పూసలు లేనంత మాత్రాన పనికిరారని కాదు, బేసిక్ కోర్సు కూడా చేయకుండా పిల్లల్ని అడవికి తీసుకెళ్తామంటే మాత్రం నేను పంపను.

అలాగే ఆ ట్రూప్ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రిజిస్టర్ అయిందా, రిజిస్ట్రేషన్ ఏటా రెన్యువల్ అవుతోందా కనుక్కోండి. దేశంలో ఉన్న వేర్వేరు స్కౌట్ సంఘాలన్నీ కలిసి 1950 నవంబర్ 7న ఈ సంస్థ ఏర్పడింది, 1951 ఆగస్టు 15న అమ్మాయిల విభాగమైన గైడ్స్ కూడా వచ్చి చేరారు. ప్రపంచ స్కౌట్ సంస్థ సభ్యత్వం ఉన్నది దీనికే. దగ్గర దగ్గర పేర్లతో వేరే సంఘాలూ ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న అడగడం అవసరం. పదేళ్ళు నిండితే స్కౌట్ లేదా గైడ్. అంతకంటే చిన్నవాళ్ళలో అబ్బాయిలకి కబ్స్, అమ్మాయిలకి బుల్‌బుల్స్ ఉంటాయి. అబ్బాయిలకి ట్రూప్, అమ్మాయిలకి కంపెనీ వేరువేరుగా ఉంటాయి.

చేరిన వెంటనే స్కార్ఫ్ వేయరు. మొదట ప్రవేశ్ అనే మొదటి మెట్టు పూర్తి చేయాలి. ప్రతిజ్ఞ, 9 నియమాలు, సెల్యూట్, ఎడమ చేత్తో కరచాలనం, జాతీయ గీతం, ప్రార్థన నేర్చుకోవాలి. ప్రతిజ్ఞలో 'దేవుడు' అనే చోట ఇష్టమైతే 'ధర్మం' అని కూడా చెప్పొచ్చు. ఏ మతం పిల్లలకైనా ఇబ్బంది లేదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఇంట్లో రోజుకో మంచి పని చేసి డైరీలో రాయడం. మొదట్లో మా వాడు 'అమ్మకి సాయం చేశాను' అని రాసుకొచ్చి చూపించాడు. ఏం సాయమో రాయమన్నాను. తర్వాత 'కత్తిరింపులు ఊడ్చాను, సూదులు డబ్బాలో పెట్టాను' అని వచ్చింది. తల్లిదండ్రులు ఆ డైరీ చదవాలి. చేయని పనికి సంతకం పెట్టారంటే మొదటి నెలలోనే అబద్ధం నేర్పినవాళ్ళవుతాం.

ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆ తర్వాత గవర్నర్ ఇచ్చే రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. ఒక మెట్టుకి, ఇంకో మెట్టుకి మధ్య నెలల గడువు ఉంటుంది, డబ్బు కట్టి దాటే వీలు లేదు. తొమ్మిదో తరగతిలో చేర్చి "టెన్త్ అయ్యేలోపు రాష్ట్రపతి అవార్డు వస్తుందా" అని అడిగే తల్లిదండ్రుల్ని చూశాను. రాదు. పదేళ్ళకో పదకొండేళ్ళకో మొదలుపెట్టినవాళ్ళకే ఆ దారి సాఫీగా ఉంటుంది.

రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ కోటా ఉన్న మాట నిజం. కాజీపేట పక్కనే ఉన్నవాళ్ళం కాబట్టి ఈ ప్రశ్న మా దగ్గర ఎక్కువ. కానీ అక్కడ రాష్ట్రపతి అవార్డో, హిమాలయన్ వుడ్ బ్యాడ్జో ఉండాలి, దానితోపాటు ఏళ్ళ తరబడి చురుగ్గా పనిచేసిన రికార్డు అడుగుతారు. ఉన్న పోస్టులు కొన్నే. పదేళ్ళ పిల్లాడిని ఆ కోటా కోసం చేర్చడం సరికాదని నా ఉద్దేశం. వాడికి ఆదివారం గ్రౌండ్‌కి వెళ్ళాలని ఉందా లేదా అదే చూడండి.

ఇక క్యాంపు. అందరికీ టెన్షన్ దీని గురించే. పోయిన చలికాలంలో పాకాల వైపు వేసిన క్యాంపుకి చివరి రోజు సాయంత్రం తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. మేం వెళ్ళేసరికి పిల్లలు వంట మొదలుపెట్టారు. గ్యాస్ లేదు, వంటమనిషి లేడు. మూడు కర్రల్ని తాడుతో కట్టి నిలబెట్టి, దానికి గిన్నె వేలాడదీశారు. పుల్లలు కొంచెం తేమగా ఉన్నాయి. ఒకడు లావు పుల్లల్ని కత్తితో చెక్కి లోపలి పొడి చెక్క తీస్తున్నాడు, ఇంకొకడు ఊదుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. కిచిడీ అడుగు మాడింది, ఉప్పు తగ్గింది. ఒక నాన్నగారు ఉండబట్టలేక "జరుగు బిడ్డా, నేను కలుపుతా" అని గరిటె అందుకోబోతే, అమ్మాయిల కంపెనీని చూసుకునే గైడ్ కెప్టెన్ మేడం వచ్చి మర్యాదగా ఆపారు. "వాళ్ళే వండుకుంటారు సార్, వాళ్ళే తింటారు." వడ్డన అయ్యాక చూశాను, మా వాడు అందరికీ పెట్టి ఆఖర్న తన ప్లేటు తీసుకున్నాడు. ఇంట్లో ముక్క కోసం చెల్లెలితో కొట్లాడేవాడు! ఎవరూ చెప్పలేదట, లీడర్ చివర తినాలన్నది వాళ్ళ పెట్రోల్‌లో ముందు నుంచీ ఉన్న అలవాటట.

తినడం అయ్యాక ఒక పిల్లాడు నాకు స్కార్ఫ్‌తో చేతికట్టు కట్టి చూపించాడు. మెడ పక్కన వేసే ముడి రీఫ్ నాట్. నా వృత్తి గుడ్డ, దారం కాబట్టి దగ్గరగా వంగి చూశాను. రెండు కొసలూ ఒకదాని మీదొకటి చదునుగా పడుకున్నాయి, ఉబ్బు లేదు, చర్మానికి ఒత్తుకోదు. ఊరికే లాగితే బిగుస్తుంది, ఒక కొస పట్టుకుని వెనక్కి తిప్పి లాగితే సులువుగా ఊడిపోతుంది. కట్టు కట్టడానికి ఆ ముడినే ఎందుకు నేర్పుతారో ఆ పిల్లాడు కూడా ఇదే కారణం చెప్పాడు.

క్యాంపుకి పంపే ముందు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. పెద్దవాళ్ళు ఎంతమంది వస్తున్నారు, రాత్రి పిల్లలు ఎక్కడ పడుకుంటారు, పెద్దవాళ్ళు ఎక్కడ పడుకుంటారు, దగ్గర్లో ఆసుపత్రి ఏది, అమ్మాయిలతో మహిళా కెప్టెన్ ఉంటారా. ఒక్క పెద్ద మనిషే పిల్లల్ని తీసుకెళ్తామంటే ఎంత తెలిసినవారైనా పంపకండి. పిల్లల భద్రత కోసం స్కౌట్ ఉద్యమంలో 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' అనే విధానం ఉంది, దాని గురించి స్కౌట్ మాస్టర్‌కి తెలుసా అని కూడా అడగొచ్చు. ఆయాసం, ఫిట్స్, ఏదైనా పడకపోవడం లాంటివి ఉంటే దాచకుండా కాగితం మీద రాసి, మందులు పేరు రాసిన కవర్లో సార్ చేతికే ఇవ్వండి. బంగారు గొలుసు, ఖరీదైన వాచీ, సెల్‌ఫోన్ వద్దు. స్టీల్ ప్లేటు, గ్లాసు, టార్చి, దుప్పటి, దోమల క్రీము, తాడు, విజిల్ చాలు. బ్యాగు పిల్లాడే సర్దుకోవాలి. తల్లి సర్దితే అక్కడ చీకట్లో సబ్బు ఎక్కడుందో వాడికి తెలియదు.

మా ట్రూప్‌లో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. మీటింగ్ మారిన సంగతి వాట్సాప్‌లో ముందు రోజు రాత్రి పెడతారు, మెసేజ్ చూసుకోని ఇళ్ళ పిల్లలు పొద్దున్నే వచ్చి తిరిగి వెళ్ళిపోతారు. టెంట్లు పాతవి, రెండింటికి జిప్పులు పనిచేయవు (ఒకటి నేనే మార్చి కుట్టిచ్చాను). గ్రౌండ్ దగ్గర బాత్రూం సరిగా లేదు, అమ్మాయిల కంపెనీకి ఇది నిజమైన ఇబ్బంది, ఇప్పటికీ తీరలేదు. సభ్యత్వం ఫీజు చాలా తక్కువ. ఖర్చంతా యూనిఫాం, క్యాంపు ప్రయాణాలదే. జంబోరీకి (స్కౌట్స్, గైడ్స్ అందరూ కలిసే పెద్ద క్యాంపుకి) వెళ్ళాలంటే ఇంకాస్త ముందు నుంచి దాచుకోవాలి. 2025 మొదట్లో తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర మనప్పారైలో జరిగిన జంబోరీకి మా వాళ్ళలో పెద్ద పిల్లలు వెళ్ళొచ్చారు. డబ్బు కుదరని ఇద్దరికి మిగతా ఇళ్ళవాళ్ళం తలా కొంత వేసుకున్నాం. మొహమాటపడి ఊరుకోకుండా సార్‌తో విడిగా చెబితే ఏదో ఒక దారి చూస్తారు.

ఆదివారం ట్యూషన్‌తో గొడవ తప్పదు. మేం ట్యూషన్‌ని సాయంత్రానికి మార్చుకున్నాం. నెలకోసారి వచ్చే పిల్లలు పెట్రోల్‌కి బరువవుతారు, ఎందుకంటే అక్కడ ప్రతివాడికీ ఒక పని ఉంటుంది. సేవ రోజులు కూడా ఉంటాయి. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర మా పిల్లలు తప్పిపోయిన చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని, మైకులో పేర్లు చెప్పించి, తల్లులు వచ్చేదాకా కాపలా ఉన్నారు. ఆ రాత్రి ఇంటికి ఆలస్యంగా వచ్చారు, దానికి సిద్ధపడి ఉండండి.

యూనిఫాం మాత్రం తొందరపడి కొనకండి. ప్రవేశ్ దగ్గరికి వచ్చాక సరిపోతుంది, అప్పటికి పిల్లాడు ఉంటాడో మానేస్తాడో కూడా తెలుస్తుంది. మా వాడిది స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, ముదురు నీలం బెరే టోపీ. చొక్కాకి రెండు ప్యాచ్ జేబులు, భుజం పట్టీలు తప్పకుండా ఉండాలి. బజార్లో రెడీమేడ్‌గా దొరికే కొన్ని చొక్కాల జేబులు మరీ చిన్నవి, ఎడమ జేబు మీద మెంబర్‌షిప్ బ్యాడ్జి, కుడి జేబు మీద వరల్డ్ స్కౌట్ బ్యాడ్జి సరిగా మధ్యలో కూర్చోవు. స్కార్ఫ్ త్రికోణం రెండు పక్కలూ 70 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, అంతకంటే తగ్గితే చేతికట్టుకి పనికిరాదు. రంగు ట్రూప్‌ది, కాబట్టి గుడ్డ కొనే ముందు పాత స్కార్ఫ్ ముక్క ఒకటి తీసుకెళ్ళి సరిచూసుకోండి. టెరికాటన్ కొంటే ముందే ఒకసారి తడిపి ఆరబెట్టండి. ప్యాంటు కింద మడత రెండు అంగుళాలు వదిలి కుట్టించండి, ఈ వయసులో ఒక్క ఎండాకాలం సెలవుల్లోనే అది విప్పాల్సి వస్తుంది.