ప్రాణాయామమా, నికోటిన్ గమ్మా?

విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగితే చాలు, గ్లాసు కింద పెట్టకముందే మా చిన్నాన్న చెయ్యి బీడీ కోసం చొక్కా జేబులోకి పోయేది. బీడీ మానేద్దామనుకున్నాక ప్రాణాయామం, నికోటిన్ గమ్ (నమిలే బిళ్ల) రెండూ వాడి చూశారు, పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం బాగా ఉంటాయి, అక్కడ గమ్‌దే పైచేయి. కొంచెం నికోటిన్ అందిస్తుంది, పొగా తారూ ఉండవు. 2 మి.గ్రా., 4 మి.గ్రా. దొరుకుతాయి. గబగబా నమిలితే ఎక్కిళ్లు, వికారం. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు, చిన్నాన్న చేసిన తప్పు అదే.

ప్రాణాయామం అలవాటు మీద పనిచేస్తుంది. బీడీ తాగాలనే యావ కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, ఆ కాసేపు నెమ్మదిగా పీల్చి అంతకన్నా నెమ్మదిగా వదులుతూ కూర్చుంటే టెన్షన్ తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. కానీ రోజుకో కట్ట కాల్చేవాళ్లకి ఇదొక్కటే చాలని నేను చెప్పను, గమ్‌కి ఉన్నంత గట్టి రుజువు యోగాకి ఇంకా లేదు. రెండూ కలిపి చేయమనే అంటాను.

శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే అమ్మమ్మల సంగతి వేరు. చుట్టని తిప్పి పెట్టుకుంటారు, నిప్పు నోట్లోపలే ఉంటుంది, అంగిలి క్యాన్సర్ భయం ఉంది, ముందు డాక్టరుకి నోరు చూపించండి.