షాక్ గ్రీజు అని బేరింగ్ గ్రీజు అంటగడుతున్నడు, జాగ్రత్త

హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు ఎంటీబీ (కొండ దారుల మీద తొక్కే మౌంటెన్ సైకిల్) తొక్కే అన్నలు, తమ్ముళ్లు అందరూ ఇది చదువుండ్రి. మన గ్రూపుల్ల విడి సామాన్లు పెట్టే ఆయన మీకు తెలిసినోడే, పేరు రాస్తలేను. ఆయన దగ్గర "ఇంపోర్టెడ్ సస్పెన్షన్ గ్రీజు" అని 50 గ్రాముల డబ్బా 650 రూపాయలకు తీసుకున్న. లేబుల్ కాగితం మీద ప్రింటు తీసి అతికించింది. మూతకు సీల్ లేదు. అప్పుడే అడగాల్సింది, అడగలేదు. ఆ తప్పు నాది.

దాంతోని వెనక షాక్ ఎయిర్ క్యాన్ (స్ప్రింగు బదులు గాలి నింపే గొట్టం) సర్వీస్ చేసి మూడు వారాలైంది. మొదలు షాక్ కుంగుడు షురూల గట్టిపడ్డది, చిన్న రాళ్ల మీద కదలదు. తర్వాత 8 మిల్లీమీటర్లు కుంగి పైకి రాలేదు. నిన్న రాత్రి విప్పిన.

క్యాన్ లోపలి గోడకు ఒకచోట చిన్న గుంట ఉంటది. షాక్ కొద్దిగ కుంగి పిస్టన్ సీల్ ఆ గుంట మీదికి రాంగనే పాజిటివ్ గదిల (మన బరువు మోసేది) గాలి నెగెటివ్ గదిలకు (దానికి ఎదురు నెట్టేది) పోయి రెండు దిక్కులా ప్రెషర్ సమానమైతది. ఆ గుంట మొత్తం గోధుమరంగు గ్రీజుతోని లప్పం పెట్టినట్టు పూడిపోయింది. గాలి పోవుటానికి దారి లేదు, అందుకే మొదట్ల గట్టిపడ్డది. బయట వైపర్ సీల్ (దుమ్ము లోపటికి పోకుండ ఆపేది) దగ్గర అదే జిగురుకు మన ఎర్రమట్టి దుమ్ము పట్టి గరుకు కాగితమైంది. అది లోపటికి పోయి పిస్టన్ సీల్ అంచు గీరింది. గీరిన సీల్ పక్కకెళ్లి గాలి నెగెటివ్ గదిలకు జారి, తిరిగి వచ్చే తోవ లేక అక్కడనే ఇరుక్కున్నది. షాక్ కుంగిపోయింది గందుకే.

పొద్దున ఫోన్ చేసిన. "అన్నా, అది బేరింగ్ గ్రీజే, పెద్ద డబ్బాలకెళ్లి తీసి నింపిన. గ్రీజు గ్రీజే కదా, సైకిల్‌కు ఇంకేం గావాలె?" అన్నడు. పైసలు వాపస్ ఇయ్యి అంటే, "నీకు పెట్టుడు రాక ఖరాబు చేస్కున్నవ్" అని ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేసిండు. పైసలు పోతే పోయినయి. ఏం నింపిండో తెలిసి, తెలిసే అమ్మిండు. అది మాత్రం నేను మరువ.

గ్రీజు గ్రీజే కాదు. బేరింగ్‌ల పెట్టే లిథియం గ్రీజు చక్రం బరువు కింద పిండుకపోకుండా చిక్కగ, జిగటగ చేస్తరు. షాక్ సీల్‌కు కావాల్సింది దానికి ఉల్టా: పలచటి పొర, తక్కువ రాపిడి. స్లికోలియం, స్రామ్ బటర్ అసొంటి సస్పెన్షన్ గ్రీజులు అందుకే వెన్న లెక్క మెత్తగ ఉంటయి. వాటిని కూడా సీల్‌కు, ఓ-రింగ్‌కు పలచగ పూయాలె, గాడిల కూరవద్దు. క్యాన్‌ల పోసే ఆయిల్ వేరు. ఫాక్స్ కంపెనీ షాక్‌కు ఫ్లోట్ ఫ్లూయిడ్ అనే ఆయిల్, రాక్‌షాక్స్ కంపెనీ షాక్‌కు మాన్యువల్ల ఏ గ్రేడ్ రాస్తే అది, ఎన్ని మిల్లీలీటర్లు రాస్తే అంతే. ఎక్కువ పోస్తే గాలికి జాగ తగ్గి చివర్ల షాక్ బిగుసుకపోతది, పంపు పెట్టినప్పుడల్లా వాల్వ్‌లకెళ్లి ఆయిల్ చిమ్ముతది. డంపర్ (షాక్ ఊగుడును అదుపు చేసే భాగం) ఆయిల్ కొనేటప్పుడు సీసా మీద 5, 10 వెయిట్ అని చిక్కదనం గ్రేడ్ చూసి మోసపోకుండ్రి. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 5తోని సమానం కాదు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అంకె చూసి పోల్చుండ్రి.

కొనే ముందు ఒక పరీక్ష. బొటనవేలు, చూపుడువేలు నడుమ చిటికెడు పెట్టి నొక్కి విడువుండ్రి. పోగులు సాగితే అది బేరింగ్ గ్రీజు లెక్క జిగటది, షాక్‌కు పనికిరాదు. జారి విడిపోవాలె. నల్లగ, బూడిదరంగుల ఉంటే మాలిబ్డినం లేదా గ్రాఫైట్ కలిపింది కావచ్చు, అదీ వద్దు.

ఇప్పటికే పెట్టినోళ్లు 50 గంటల సర్వీస్ దాక ఆగకుండ్రి, ఇప్పుడే విప్పి కడుగుండ్రి. గాలి మొత్తం ఒక్కసారే తియ్యొద్దు. మెల్లగ తీస్తూ నడుమ నడుమ షాక్‌ను కుంగదీయాలె. కుంగి ఇరుక్కున్న షాక్ అయితే క్యాన్ అసలే విప్పొద్దు. లోపలి ప్రెషర్‌కు అది ఎగిరి మొఖానికి తగులుతది, తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకపోండ్రి. పెట్రోల్, థిన్నర్, బ్రేక్ క్లీనర్ సీల్‌కు తగలనీయొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ చాలు. గుంటల ఇరుకున్నది ప్లాస్టిక్ పుల్లతోనే తీయాలె, ఇనుపది పెడితే గోడ గీసుకపోతది. బిగించినంక పూర్తి ప్రెషర్ నింపి, సగం దాక అయిదారుసార్లు మెల్లగ కుంగదీసి, పంపు మళ్ల పెట్టి చూసుకోవాలె.

డబ్బా గుర్తు: తెల్ల మూత, పచ్చ లేబుల్. మీ ఇండ్లల్ల ఉంటే సైకిల్ బేరింగ్‌లకు వాడుకోండ్రి. షాక్ దగ్గరికి తేకుండ్రి.