ఆలీ శిక్షణా, టైసన్ శిక్షణా: ఏది మేలు?

బాక్సింగ్ మీద ఇష్టం పుట్టిన కుర్రాళ్లు ముందుగా చూసేది ఇద్దరి వీడియోలే. ముహమ్మద్ ఆలీ చేతులు కిందికి వదిలేసి రింగంతా తిరుగుతుంటాడు. మైక్ టైసన్ గ్లోవ్స్‌ని చెంపలకు ఆనించి, వంగి దూసుకొస్తాడు. హెవీవెయిట్లలో ఆలీని మించినవాడు లేడని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఎవరి దారిలో నేర్చుకోవాలని అడిగితే మాత్రం టైసన్ గురువు కస్ డమాటో పద్ధతే మేలంటాను.

న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ అనే చిన్న ఊళ్లో పోలీస్ స్టేషన్ పైనుండేది డమాటో జిమ్. అక్కడి 'విల్లీ బ్యాగ్' గురించి తప్పక చెప్పుకోవాలి. చుట్టూ పరుపులు కట్టి, మనిషి ఆకారం గీసి, దవడ, కడుపు, పక్కటెముకల దగ్గర అంకెలు వేస్తారు. ఒకటి అంటే ఎడమ హుక్ (పక్కనుంచి వంపుగా కొట్టే దెబ్బ), రెండంటే కుడిచేతి దెబ్బ, ఏడంటే జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే దెబ్బ). టేప్‌లో డమాటో గొంతు అంకెలు చదువుతుంటే, ఆ వరుసలోనే దెబ్బలు పడాలి. ఆలోచించుకునే వ్యవధి ఉండదు. దానికి ఆ పేరు విల్లీ పాస్ట్రానోను బట్టి వచ్చింది. 1965లో అతణ్ణి ఓడించి లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచిన హోసే టోరెస్ డమాటో శిష్యుడే.

దాని పక్కనే ఊగే చిన్న సంచి ఇంకొకటి. అది ముఖం మీదికి వచ్చిన ప్రతిసారీ తల తప్పించాలి. కొట్టడం కన్నా ముందు తప్పించుకోవడం ఒంటికి పట్టాలన్నది డమాటో పట్టుదల. ఫలితం కళ్ల ముందే ఉంది. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1956లో 21 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్. 1986 నవంబర్‌లో ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లోనే పడగొట్టి, 20 ఏళ్లకే టైసన్ ఆ రికార్డును చెరిపేశాడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర తయారైనవాళ్లు.

ఆలీ కథ వేరు. బరువైన బూట్లు తొడుక్కుని తెల్లవారకముందే పరుగు, మయామీ జిమ్‌లో స్కిప్పింగ్, స్పారింగ్ (తోటి బాక్సర్‌తో సాధన పోరు). కోచ్ ఏంజెలో డండీ అతని స్టైల్ మార్చాలని చూడలేదు. ఏదైనా నేర్పాలనుకుంటే, ఆలీ దాన్ని అప్పటికే చేసినట్టు పొగిడేవాడు. తర్వాత ఆలీ నిజంగానే చేసేవాడు. ఇంత తెలివిగా పాఠం చెప్పిన కోచ్‌లు అరుదు. వెనక్కి వాలి దెబ్బను అంగుళం దూరంలో తప్పించుకోవడం ఆలీకి కుదిరింది, ఎందుకంటే ఆ కాళ్లు, ఆ చూపు అతనివి. వేరేవాళ్లు చేస్తే గడ్డం అప్పగించినట్టే.

1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు మూడున్నరేళ్లు ఆట దూరమయ్యాక ఆ కాళ్లు మునుపటిలా లేవు. 1972లో పెన్సిల్వేనియాలోని డీర్ లేక్‌లో క్యాంప్ కట్టుకున్నాడు. దుంగల గుడిసెలు, పాత చాంపియన్ల పేర్లు రాసిన బండరాళ్లు... ఎంతో అందమైన చోటు. నాకు బాధ కలిగించేది అక్కడి స్పారింగే. తాళ్లకు ఆనుకుని, పార్ట్‌నర్లను కొట్టనిచ్చేవాడు. దెబ్బలు తట్టుకోవడం అలవాటవ్వాలట! 1974లో కిన్షాసాలో అప్పటి చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ను అలాగే అలసిపోనిచ్చి ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు, నిజమే. కానీ ఆ తర్వాత మనీలాలో జో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు, 1980లో ఒకప్పటి తన స్పారింగ్ పార్ట్‌నర్ లారీ హోమ్స్ చేతిలో చావుదెబ్బలు. 1984లో పార్కిన్సన్స్ ఉందని తేలింది. ఆ జబ్బుకు బాక్సింగే పూర్తి కారణమని తేల్చలేం గానీ, జిమ్‌లో కావాలని తిన్న దెబ్బలు ఎవరికీ మేలు చేయవు.

డమాటో పద్ధతికి లోపం లేదా అంటే ఉంది. పక్కన గట్టిగా చెప్పేవాడు లేకపోతే అది నిలవదు. 1985లో డమాటో పోయాడు. ఆయన నేర్పింది తు.చ. తప్పకుండా చేయించిన కోచ్ కెవిన్ రూనీని 1988లో టైసన్ తీసేశాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ ముందు టైసన్ తల కదలడమే తగ్గిపోయింది. కన్ను వాచిపోతే అదిమే ఇనుప పరికరం కూడా అతని కార్నర్ (రింగ్ మూలలో ఉండే సహాయకులు) దగ్గర లేదు. రబ్బరు తొడుగులో ఐసు నీళ్లు నింపి అద్దారు! పదో రౌండ్‌లో పడిపోయాడు.

మంచి కార్నర్ ఉంటే ఎలా ఉంటుందో చూడండి: 1964లో అప్పటి చాంపియన్ సోనీ లిస్టన్‌తో పోరులో ఆలీ కళ్లు మండి, గ్లోవ్స్ కోసేయమని అరిస్తే, డండీ కళ్లు తుడిచి అయిదో రౌండ్‌కి ముందుకు నెట్టాడు. ఏడో రౌండ్‌కి లిస్టన్ స్టూల్ మీంచి లేవలేదు. మూడు దశాబ్దాల తర్వాత 1994లో, 45 ఏళ్ల ఫోర్‌మన్ మైకెల్ మూరర్‌ను పడగొట్టి మళ్లీ చాంపియన్ అయిన రాత్రి కూడా కార్నర్‌లో ఉన్నది ఈ డండీయే.

అందుకే డమాటో జిమ్‌లోనే నేర్చుకోవాలంటాను. ఆలీ శిబిరం నుంచి నేను ఏరుకునేది మాత్రం డండీ లాంటి కోచ్‌ను.