కుట్టుమిషన్ పక్కన ఫోను పెట్టుకుని చూసిన లీగు

2025లో ఇండియన్ విమెన్స్ లీగ్ అనే ఆడవాళ్ల ఫుట్‌బాల్ పోటీ జనవరి 10న మొదలయింది. అంటే భోగికి మూడు రోజుల ముందు. ఆ రోజుల్లో శ్రీకాకుళంలో ఏ దర్జీ కొట్టుకు వెళ్లినా తల ఎత్తి పలకరించే తీరిక ఎవరికీ ఉండదు. ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, ఒక సందులో ఉన్న నా కొట్టులో అప్పటికి నలభై రెండు జాకెట్లు కత్తిరించి పెట్టి ఉన్నాయి. కుట్టినవి పదకొండు. అలాంటి మధ్యాహ్నం మా చిన్నమ్మాయి తన ఫోను తెచ్చి, దారపు రీళ్ల డబ్బాకు ఆనించి, "అమ్మా, ఈ లీగులో ఒక తెలుగమ్మాయి ఆడుతోంది, చూడు" అని చెప్పి ట్యూషనుకు పోయింది. విసుక్కుంటూనే చూశాను. ఏప్రిల్ దాకా చూస్తూనే ఉన్నాను. మొత్తం 56 మ్యాచుల్లో ముప్పైకి పైగా చూసిన మనిషిగా ఇది రాస్తున్నాను. అంతకు ముందు ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది, చేత్తో ముట్టుకోకూడదన్న ఒక్క ముక్కే.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో దేశంలో ఇదే పై అంచె. 2016-17లో మొదలయింది. తొలి విజేత మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్. మధ్యలో గోకులం కేరళ జట్టు మూడుసార్లు గెలిచింది. మొదట్లో జట్లన్నీ పెళ్లివారిలా ఒకే ఊళ్లో దిగి, కొద్ది వారాల్లో ఆడేసి వెళ్లిపోయేవి. 2023-24 నుంచి పద్ధతి మారింది. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి అవతలివాళ్ల ఊళ్లో ఆడాలి. నేను చూసిన ఏడాది ఎనిమిది జట్లు కనుక ఒక్కొక్కరికి 14 మ్యాచులు. చూసేవాళ్లకు ఇదే మేలు. ఒక అమ్మాయి జనవరిలో తడబడి మార్చికి కుదురుకోవడం కళ్ల ముందే కనిపిస్తుంది.

చూడటానికి పైసా అక్కర్లేకపోయింది. ఫోనులో నేరుగా వచ్చింది, చందా కట్టమని ఎవరూ అడగలేదు. మా మూడు సందుల అవతలి టీ కొట్టాయన క్రికెట్ కోసం నెలనెలా ఎంత కడుతున్నాడో నాకు తెలుసు కనుక ఈ మాట ముందుగా చెబుతున్నాను.

వేళ సంగతి వేరు. నేను చూసినవాటిలో ఎక్కువ మ్యాచులు మధ్యాహ్నం మూడున్నరకే. ఆ వేళకు పిల్లలు బడిలో ఉంటారు, ఉద్యోగులు ఆఫీసులో ఉంటారు, ఇళ్లలో ఉన్నవాళ్లు అప్పుడే నడుం వాలుస్తారు. ఆడేవాళ్లకు మండే ఎండ. మార్చి చివరలో ఒక మ్యాచులో నీళ్ల కోసం ఆట ఆపినప్పుడు ఒకమ్మాయి సీసా నీళ్లు తాగకుండా మొత్తం తల మీద పోసుకుంది. ఆ వేళకు దేశంలో ఖాళీగా ఉండేది దర్జీ కొట్టులో చేతిపని చేసుకునే నాలాంటివాళ్లేనేమో. నాకు బాగానే ఉంది, ఆటకు మాత్రం మంచిది కాదు.

ఇక చిత్రీకరణ. పెళ్లి వీడియోలో కనీసం తాళి కట్టేటప్పుడు కెమెరా అటు తిరుగుతుంది. ఇక్కడ ఆ హామీ కూడా లేదు. ఒకసారి గోలు పడే క్షణంలో కెమెరా సీసాల బుట్ట మోసుకెళుతున్న కుర్రాడి వెంట పోయింది. మరోసారి మూలన స్కోరు చూపే పట్టీ ఇరవై నిమిషాలు కదలకుండా ఆగిపోయింది. బాబిన్‌లో దారం అయిపోయి మార్చుకునే లోపు గోలు పడితే, దాన్ని మళ్లీ చూపిస్తారన్న నమ్మకం లేదు. వ్యాఖ్యానం ఇంగ్లిషులో. సగం అర్థమవుతుంది, మిగతా సగం గొంతు పెరగడాన్ని బట్టి పోల్చుకోవాలి. క్రికెట్‌కు, కబడ్డీకి తెలుగులో చెప్పేవాళ్లు ఉన్నప్పుడు దీనికి వారానికి ఒక్క మ్యాచుకైనా పెట్టలేరా? పట్టించుకున్నవాళ్లు లేరు, అంతే.

దర్జీ కళ్లు ఊరుకోవు కనుక ఇంకో మాట. ఒక జట్టు పేరు చెప్పను. వాళ్ల చొక్కాలు మగవాళ్ల కొలతలకు కోసినవి. భుజం కుట్టు జారి చేతి మీదికి వచ్చింది, చేతులు మోచేయి దాటాయి. ఒకమ్మాయి బంతి బయటికి పోయినప్పుడల్లా చేతులు పైకి మడుచుకోవడమే. భుజం దగ్గర అంగుళంన్నర తీసి, చంక కింద కాస్త వదులు ఉంచితే సరిపోయే పని. ఎంతమంది ఉన్నా, రెండు రోజుల్లో చేసిస్తాను. అడిగేవాళ్లే లేరు.

ఇన్ని లోపాలు చెప్పి కూడా ముప్పై మ్యాచులు ఎందుకు చూశానంటే, ఆట కోసం. మా అమ్మాయి చెప్పిన తెలుగమ్మాయి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా పిల్ల. అప్పుడు కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడి వచ్చిందట. మొదటి రెండు మ్యాచుల్లో నేను బంతినే చూశాను. మూడో దాంట్లో బంతిని వదిలేసి ఈమెనే చూశాను, అప్పుడు ఆట అర్థం కావడం మొదలయింది. గీత పక్కన తనకేమీ పట్టనట్టు నిలబడుతుంది. బంతి కాలికి అందాక ఎదుటి అమ్మాయిని దగ్గరికి రానిస్తుంది, ఇంకా దగ్గరికి రానిస్తుంది, ఇక పోయిందిరా అనుకునేసరికి పక్క నుంచి దూసుకుపోతుంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంచింది. నేను ఫిబ్రవరిలోనే ఎంచేశాను.

అప్పుడు గోకులంలో ఫాజిలా ఇక్వాపుట్ అని ఉగాండా మనిషి ఉండేది. ఒక్కతే 24 గోల్స్ కొట్టింది. ఆమె బంతి తన్నేటప్పుడు ఒళ్లు ఊగదు, తల పైకి లేవదు. అయినా కప్పు గోకులానికి దక్కలేదు. ఈస్ట్ బెంగాల్ వైపు గోలు ముందు కీపరు పంథోయ్ చాను నిలబడి ఉండటం అందుకు ఒక కారణమని నా అభిప్రాయం. అన్ని మ్యాచులూ ఇలా ఉండవు, అదీ చెప్పాలి. జట్ల మధ్య తేడా ఎక్కువ. కొన్ని పావుగంటలోనే తేలిపోతాయి, అలాంటప్పుడు నేను కాజాలు కుట్టుకుంటూ చెవి మాత్రం అటు పెట్టేదాన్ని.

మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఆ ఎనిమిదింట్లో ఒక్క జట్టూ లేదు. మాకు దగ్గరివి ఒడిశా జట్లే. ఆమదాలవలసలో రైలెక్కి పలాస, బరంపురం దాటితే భువనేశ్వర్. ఒకసారి వెళదామని మా అమ్మాయి మొండికేసింది, చేతిలో ఉన్న పని చూసి నేనే వాయిదా వేశాను. ఆ ఒడిశా ఎఫ్‌సీ అంతకు ముందు ఏడాది విజేత అయి ఉండి, ఆ సీజన్‌లో కింది అంచెకు జారిపోయింది. ఒక్క ఏడాదిలో ఓడ బండి అయింది. వెళ్లనందుకు కాస్త బాధగా ఉంది.

మా వైపు ఆడపిల్ల ఇనుము ఎత్తితే ఎవరూ వింతగా చూడరు. సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అనే ఊరికి పేరే బరువులు ఎత్తే పిల్లల వల్ల వచ్చింది. బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దావిడ నా ఫోను వంక చూసి, "వీళ్లకు పెళ్లిళ్లు అయ్యాయా?" అని అడిగారు. అప్పుడు స్కోరు ఒకటి ఒకటి. జవాబు చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

మార్కులు వేయమంటే ఆటకు అయిదుకు నాలుగు, చూపించిన తీరుకు అయిదుకు ఒకటిన్నర. కుట్టుపనివారికి ఒక సలహా. హుక్కులు, కాజాలు, ఫాల్ కుట్టడం లాంటివి మ్యాచ్ వేళకు అట్టిపెట్టుకోండి. మిషన్ జోలికి పోకండి.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ ఒడిశాతో ఆడింది. గెలిస్తే ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే కప్పు వాళ్లది. ఆ క్లబ్బు మగవాళ్ల జట్టు జాతీయ లీగు గెలిచి 21 ఏళ్లయిందని మా అమ్మాయి నాలుగుసార్లు చెప్పింది. నేను పెళ్లికూతురి పట్టు జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. రెండో సగంలో సౌలాంజన రౌల్ గోలు కొట్టింది. ఆ ఒక్క గోలుతోనే గెలిచారు. ఆట ముగిసి, అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడిపోయి, నేను కళ్లు తుడుచుకుని చేతిలోని జాకెట్టు తిప్పి చూసుకుంటే కుడి చేయి ఎడమ చంకకు ఎక్కించి ఉన్నాను. ముందు వైపు లోతుగా కోసిన వంపు కాస్తా వెనక్కి వచ్చింది. విప్పి మళ్లీ కుట్టాను. కానీ పట్టు మీద సూది గుర్తు ఒకసారి పడితే పోదు.

పెళ్లికూతురి తల్లి వెలుతురులో పట్టుకుని చూసి, "అక్కా, ఇక్కడ ఈ సన్నని చుక్కలు ఏమిటి?" అన్నారు.

"ఫుట్‌బాల్ అమ్మా" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. కుట్టుకూలిలో వంద తగ్గించాను. ఈ లీగుకు నేను కట్టిన చందా అదొక్కటే.